జింకు వచ్చే తలుపులోంచే కాడ్మియం: పైరు ఆకలికీ, మట్టిలోని లోహాలకూ ఉన్న లంకె

కృష్ణా డెల్టాలో ఊడ్పులు పూర్తయి మూడు వారాలు కావస్తుండగా కొన్ని చేలలో పైరు ఉన్నట్టుండి దిగాలు పడుతుంది. నీరుంది, యూరియా పడింది, అయినా పిలకలు రావు. దగ్గరకు వెళ్లి ఒక దుబ్బు పట్టుకుని చూస్తే లేత ఆకుల మొదట్లో నడిమి ఈనె పాలిపోయి ఉంటుంది. ముదురు ఆకుల మీద ఇటుకపొడి చల్లినట్టు తుప్పు రంగు మచ్చలు. ఆ ఆకును రెండు వేళ్ల మధ్య పెట్టి వంచితే వంగదు. చిన్న చప్పుడు చేస్తూ పెళుసుగా విరుగుతుంది. తెనాలి, దుగ్గిరాల వైపు రైతుకు ఇదేమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. జింకు లోపం. ఉత్తరాదిన ‘ఖైరా’ అని పిలిచే ఈ జబ్బు ఏ శిలీంధ్రం వల్లా వచ్చేది కాదనీ, మొక్కకు జింకు అందకపోవడమే కారణమనీ పంత్‌నగర్‌లో శాస్త్రవేత్త వై.ఎల్. నెనే 1966లో తేల్చారు.

ఆ జింకుకే రసాయన శాస్త్రంలో మరో గుర్తింపు ఉంది. అది భార లోహం. నీటికంటే అయిదు రెట్లకు మించి సాంద్రత ఉన్న లోహాలను స్థూలంగా ఆ పేరుతో పిలుస్తారు. జింకు ఏడు రెట్లు, ఇనుము దాదాపు ఎనిమిది రెట్లు, రాగి తొమ్మిదికి దగ్గర. ఇవన్నీ పైరుకు కావాల్సినవే. కాడ్మియం, సీసం, పాదరసం కూడా ఇదే కోవలోవి, కానీ పైరుకు వాటితో పని లేదు. సూక్ష్మపోషకం అంటే మందు, భార లోహం అంటే విషం అని మనం రెండు అరలు కట్టుకుని మాట్లాడుకుంటాం. మట్టిలో ఉన్న వేరుకు ఆ అరలు లేవు. పైరుకు సరైన తిండి అందుతోందా అన్న ప్రశ్న వ్యవసాయ శాఖదనీ, అన్నంలోకి కాడ్మియం వస్తోందా అన్న ప్రశ్న ఆహార భద్రత వాళ్లదనీ విడగొట్టి చూస్తున్నంత కాలం రెండింటికీ సగం జవాబులే దొరుకుతాయి. అవి రెండూ ఒకే వేరు దగ్గర తేలే ప్రశ్నలు.

ఒకే తలుపు

మొక్కకు తప్పనిసరి అని శాస్త్రం గుర్తించిన మూలకాలు 17. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి నుంచీ నీటి నుంచీ వస్తాయి. మిగతా 14 మట్టి నుంచే రావాలి. ఈ జాబితాలో చివరగా 1987లో చేరింది నికెల్. మొక్క లోపల యూరియాను విడగొట్టే ఎంజైముకు నికెల్ లేనిదే పని జరగదు. కావాల్సింది మాత్రం అణుమాత్రం. అది కాస్త ఎక్కువైతే అదే నికెల్ వేరును మాడ్చేస్తుంది. రాగి, మాంగనీసు, బోరాన్ అన్నిటిదీ ఇదే వరస.

వేరు చివరి కణాల పొర మీద ఒక్కో మూలకాన్ని లోపలికి తెచ్చే ప్రొటీన్లు ఉంటాయి. వాటిని తలుపులు అనుకుందాం. ఇనుము కోసం మొక్క పెట్టుకున్న ఒక తలుపును 1996లో గుర్తించారు. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమిటంటే అది ఇనుము ఒక్కదానికే తెరుచుకోదు. జింకు, మాంగనీసు, కోబాల్టు కూడా దాని గుండానే వస్తాయి. వాటి వెనకే కాడ్మియం కూడా దూరిపోతుంది. రసాయన పట్టికలో కాడ్మియం ఉన్నది జింకుకు సరిగ్గా కింది గడిలో. రెండింటి నడవడికా ఒకటే కాబట్టి తలుపు దగ్గర కాపలా వాటిని వేరు చేయలేకపోతుంది. వరిలో కాడ్మియం ముఖ్యంగా మాంగనీసు తలుపు గుండా వస్తుందని 2012లో తేలింది. జపాన్‌లో ఆ ఒక్క తలుపు చెడిపోయేలా చేసిన ‘కోషిహికారి’ వరి గింజల్లో కాడ్మియం దాదాపు లేకుండా పోయింది.

ఆర్సెనిక్ కథ ఇంకా విచిత్రం. ఆరుతడి నేలలో అది భాస్వరం రూపాన్ని పోలి ఉంటుంది, భాస్వరం తలుపులోంచి వస్తుంది. నీరు నిలిచిన మడిలో రూపం మార్చుకుని సిలికాన్ తలుపులోంచి వస్తుంది. వరికి సిలికాన్ ఆకలి చాలా ఎక్కువ కాబట్టి ఆ తలుపు కూడా పెద్దదే. బెంగాల్, బంగ్లాదేశ్‌లలో బోరు నీటితో పండే వరిని ఆర్సెనిక్ అంతగా పట్టుకోవడానికి ఇదొక కారణం.

ఇక్కడ రైతుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ తలుపులు ఎప్పుడూ ఒకే వెడల్పులో ఉండవు. ఇనుము అందని మొక్క ఇనుము తలుపుల సంఖ్యను పెంచుకుంటుంది. వేరు చుట్టూ ఆమ్లాన్ని వదిలి మట్టిని కరిగించుకునే ప్రయత్నం చేస్తుంది. ఆ కరిగిన దాంట్లో కాడ్మియం ఉంటే, తెరిచిన తలుపుల్లోంచి అది కూడా ఎక్కువగానే వస్తుంది. అంటే ఆకలితో ఉన్న మొక్క విషాన్ని కూడా ఎక్కువ తింటుంది. జింకు, ఇనుము చాలినంత అందిన మొక్కలో కాడ్మియానికి పోటీ గట్టిగా ఉంటుంది.

లోపలికి చేరిన కాడ్మియం చేసే నష్టానికీ ఈ ఆకలికీ మళ్లీ సంబంధం ఉంది. ఎంజైముల్లో జింకు కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది, పని మాత్రం చేయదు. వేరు పొట్టిగా, గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆకులు ఇనుము లోపంలాగే పసుపు పడతాయి. మొక్క ఊరుకోదు. గంధకంతో తయారయ్యే చిన్న గొలుసు అణువులతో ఆ లోహాన్ని పట్టి కట్టి, కణం లోపలి సంచిలో పడేసి మూత వేస్తుంది. దానికి గంధకం కావాలి. పాతకాలం సూపర్ ఫాస్ఫేట్‌లో భాస్వరంతో పాటు 11 శాతం గంధకం ఉచితంగా వచ్చేది. నత్రజని, భాస్వరం మాత్రమే ఇచ్చే డిఏపీకి (డైఅమ్మోనియం ఫాస్ఫేట్) మారాక ఆ గంధకం ఆగిపోయింది. గంధకం ఇచ్చే జిప్సం వేసే అలవాటు లేని పొలాల్లో ఈ లోటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధాకరం.

గాజు గ్లాసులో డిఏపీ, జింకు

జింక్ సల్ఫేట్ పేరుతో మెగ్నీషియం సల్ఫేట్ అంటగట్టే మోసం పల్లెల్లో కొత్తేమీ కాదు. చూడటానికి రెండూ తెల్లటి పలుకులే. అసలుదో నకిలీదో తేల్చుకునేందుకు రైతులకు నేర్పే పరీక్ష ఒకటుంది. ఒక గ్లాసులో డిఏపీని నీళ్లలో కరిగించి పై తేట తీసుకోవాలి. ఇంకో గ్లాసులో జింక్ సల్ఫేట్‌ను కరిగించాలి. రెండో దాన్ని మొదటి దాంట్లో పోయగానే పాలు విరిగినట్టు తెల్లటి ముద్దలు కడితే అది జింకే. తేటగానే ఉండిపోతే మెగ్నీషియం.

ఆ గ్లాసును ఇంకాసేపు చూస్తే మిరప చేలలో ఏం జరుగుతోందో కూడా అర్థమవుతుంది. అడుగున పేరుకున్న తెల్లటి ముద్ద భాస్వరం పట్టుకున్న జింకు. వేరు దాన్ని సులువుగా తీసుకోలేదు. డిఏపీతో జింకును కలిపి చల్లవద్దనీ, మధ్య వ్యవధి ఇవ్వమనీ చెప్పేది ఇందుకే. గుంటూరు చుట్టుపక్కల మిరపకు ఏటా బస్తాల మీద బస్తాలు భాస్వరం వేసిన నేలల్లో అది వాడుకోగా మిగిలి పేరుకుంటుంది. అక్కడ ఇంకో బస్తా డిఏపీ వేయడమంటే జింకును మరింత దూరం నెట్టడమే. పైరు ఎదగడం లేదని మళ్లీ డిఏపీయే వేస్తే ఆ చక్రం ఆగదు.

దీనికి తోడు మన నల్లరేగడి. పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) 8 దాటిన, సున్నం పాలు ఎక్కువున్న నేలలో ఇనుము, జింకు కావాల్సినంత ఉన్నా కరగవు. మిరప, పత్తి, వేరుశనగల్లో లేత ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపు పడి, ముదిరితే తెల్లబడటం ఇనుము లోపం గుర్తు. అన్నభేదిని (ఐరన్ సల్ఫేట్‌ను) ఇలాంటి నేల మీద చల్లితే తుప్పుగా మారి అక్కడే ఉండిపోతుంది. అందుకే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేయమంటారు. వరిలో అయితే ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్, అది కుదరనప్పుడు లీటరుకు 2 గ్రాముల చొప్పున ఆకుల మీద రెండు మూడు సార్లు.

అయితే ఆ సున్నమే మనల్ని కాపాడుతోంది కూడా. ఇనుమును బంధించిన పీహెచ్ కాడ్మియాన్నీ సీసాన్నీ కూడా బంధిస్తుంది. ఎంత కాడ్మియం ఉందన్నది ఒక లెక్కయితే, అందులో ఎంత కరిగి వేరుకు అందుతోందన్నది వేరే లెక్క. రెండో లెక్కే పైరుకు ముఖ్యం. ఆమ్ల నేలలో కొద్దిపాటి కాడ్మియం చేసే చెరుపు నల్లరేగడిలో అంతకు రెట్టింపు ఉన్నా చేయలేకపోవచ్చు. ఇసుక పాలు, ఎర్ర నేలలు అలా కాదు. ఏళ్ల తరబడి యూరియా, అమ్మోనియా ఎరువులు పడితే అక్కడ పీహెచ్ త్వరగా దిగుతుంది, బంధం వదులవుతుంది.

డిఏపీ గురించి ఇంకో భయం ప్రచారంలో ఉంది. రాక్ ఫాస్ఫేట్‌లో సహజంగానే కాడ్మియం ఉంటుంది, అందులో కొంత ఎరువులోకి వస్తుంది. ఇది నిజం. సముద్ర అడుగు అవక్షేపాల నుంచి ఏర్పడిన శిలలో ఎక్కువ, అగ్నిశిలలో తక్కువ. యూరోపియన్ యూనియన్ 2022 జులై నుంచి ఎరువులోని ఒక కిలో భాస్వరానికి (P2O5 లెక్కన) 60 మిల్లీగ్రాముల కాడ్మియం అని హద్దు పెట్టింది. ఆ హద్దునే తీసుకుని లెక్క వేసి చూద్దాం. 50 కిలోల డిఏపీ బస్తాలో భాస్వరం 23 కిలోలు. అంటే ఆ హద్దు దగ్గర బస్తాకు 1.4 గ్రాముల కాడ్మియం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు. ఏడాదికి మూడు బస్తాల చొప్పున 50 ఏళ్లు వేస్తే చేరేది దాదాపు 200 గ్రాములు, కిలో మట్టికి 0.2 మిల్లీగ్రాములు. కలుషితం కాని నేలల్లో సహజంగా ఉండే కాడ్మియం కిలోకు ఒక మిల్లీగ్రాములోపే ఉంటుంది కాబట్టి ఈ 0.2 చిన్నదేమీ కాదు. అలాగని ఒక బస్తాకే నేల చెడిపోతుందని టెన్షన్ పడాల్సినంతా లేదు. లోహం మట్టిలోంచి ఆవిరి కాదు, కుళ్లదు. ఈ తరం వేసింది తర్వాతి తరం పొలంలోనూ ఉంటుంది. అవసరం లేని డిఏపీని మానేయడానికి ఖర్చుతో పాటు ఇదీ ఒక కారణం.

గుంటూరుకు బాగా తెలిసిన పొగాకు ఈ విషయంలో ఒక పాఠం. టొబాకో బోర్డు ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. వేరు పీల్చిన కాడ్మియాన్ని చాలా పంటలు వేరులోనే ఆపడానికి చూస్తాయి. పొగాకు దాన్ని ఆకుకు ఎక్కించేస్తుంది. అందుకే ఒక్కో సిగరెట్‌లో ఒకటి రెండు మైక్రోగ్రాముల కాడ్మియం ఉంటుంది, పొగతాగే వారి రక్తంలో అది మిగతా వారికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే ఆకు సరిగా కాలదని పొగాకు రైతులు ఎప్పటి నుంచో సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడతారు. మ్యూరేట్‌లో ఉండే క్లోరైడ్ మట్టిలో కాడ్మియంతో జతకట్టి దాన్ని కదిలేలా చేస్తుంది. మట్టి పట్టు నుంచి విడిపించి వేరు దగ్గరకు చేరుస్తుంది. ఉప్పు నీటి పారుదల ఉన్న చోట బంగాళాదుంపల్లో కాడ్మియం పెరగడాన్ని ఆస్ట్రేలియాలో గమనించారు. బాపట్ల తీరం వైపు చవుడు నేలల్లో, ఉప్పటి బోరు నీళ్లతో సాగయ్యే చోట ఈ కోణం గుర్తుంచుకోవాలి.

మొక్క చెప్పని సంగతి

పైరు కళకళలాడుతుంటే తినడానికి మంచిదే అనుకుంటాం. జింకు, రాగి, నికెల్ విషయంలో ఆ నమ్మకం చాలా వరకు నిజం. అవి మనిషికి హాని చేసే స్థాయికి చేరకముందే మొక్క మాడిపోతుంది. సీసం, పాదరసం, మట్టిలో సాధారణంగా ఉండే రూపంలోని క్రోమియం మట్టికో వేరుకో అతుక్కుని ఉండిపోతాయి, గింజ దాకా వచ్చేది తక్కువ. ఈ సహజమైన అడ్డుగోడను అమెరికా శాస్త్రవేత్త రూఫస్ చానీ 1980లో వివరించారు. ఆ గోడకు ఒక పెద్ద కంత కాడ్మియం. అది మనిషికి హాని చేసే మోతాదులో ఆకులో చేరినా మొక్క పచ్చగానే ఉంటుంది.

ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ మూడూ విజయవాడ నడిబొడ్డు గుండానే వెళ్తాయి. ఇంకో పక్క బుడమేరు. మురుగు కలిసిన నీటిలో నత్రజని, భాస్వరం కూడా ఉంటాయి. కాబట్టి ఆ నీళ్లు పారిన మడిలో తోటకూర నిగనిగలాడుతుంది. రైతుబజారులో అదే ముందు అమ్ముడుపోతుంది. తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు కాడ్మియాన్ని ఆకులోకి బాగా లాగే జాతులు. గింజ ధాన్యాలు, వంకాయ, బెండకాయ లాంటి కాయలకంటే ఆకుల్లోనే అది ఎక్కువ చేరుతుంది. ఆకుకూరల్లో కాడ్మియానికి అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ హద్దు కిలోకు 0.2 మిల్లీగ్రాములు, పాలిష్ చేసిన బియ్యానికి 0.4.

సీసం దారి వేరు. ఆకుకూరలో కనిపించే సీసంలో చాలా భాగం పై నుంచి పడిన దుమ్ముదే. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. అంతకుముందు రోడ్ల పక్క మట్టిలో దిగిన సీసం అక్కడే ఉంది. రెండు మూడు నీళ్లలో ఝాడించి కడిగితే ఆ దుమ్ము చాలా వరకు పోతుంది. లోపలికి చేరిన కాడ్మియం ఎన్ని కడుగుళ్లకీ పోదు. మిరపకాయలను కళ్లంలో టార్పాలిన్ వేసి ఆరబెట్టడానికీ, రోడ్డు వార ఆరబెట్టడానికీ తేడా ఇక్కడే ఉంది. గుంటూరు యార్డుకు వచ్చే సరుకులో ఎంతో భాగం విదేశాలకు పోతుంది. కొనే దేశాలు మసాలా దినుసుల్లో సీసాన్ని కూడా పరీక్షిస్తాయి.

మిరపలో ఇంకో గందరగోళం ఉంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని రైతుకు తెలుసు. 2021లో నల్ల తామర పురుగు పూతను ఊడ్చేశాక ముడత కనిపిస్తే చాలు మందు డబ్బా చేతికొస్తోంది. కానీ జింకు తక్కువైనా లేత ఆకులు చిన్నవైపోతాయి, కాల్షియం, బోరాన్ అందకపోయినా చిగురు వంకర తిరుగుతుంది. పురుగు అయితే ఆకు అడుగున, పూలలో కదులుతూ కనిపించాలి. లోపమైతే పొలంలో నేల మారిన చోటల్లా, ఒకే వయసు ఆకుల్లో, ఒకే తీరులో వస్తుంది. పురుగు కనిపించని ముడతకు పురుగుమందు కొట్టడం డబ్బుకు చేటు, ఆ ఆకలి అలాగే ఉండిపోతుంది. రాగి మందుల సంగతీ ఇంతే. బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ రూపంలో ఏటా పడే రాగి మట్టిలో మిగిలిపోతుంది. తెగులు లేనిదే కొట్టాల్సిన మందులు కావు అవి.

వరికి నీటితోనే ఒక చిక్కుముడి ఉంది. జపాన్‌లోని తొయామాలో జింజూ నది నీళ్లతో పండిన బియ్యం తిని ఎముకలు పెళుసై, ‘నొప్పి నొప్పి’ అని మూలిగిన వాళ్ల జబ్బుకు ఇతాయ్-ఇతాయ్ అనే పేరు నిలిచింది. ఎగువన ఉన్న కమియోకా గనిలోంచి వచ్చిన కాడ్మియమే కారణమని జపాన్ ప్రభుత్వం 1968లో అంగీకరించింది. అది జింకు, సీసం గని. ఖనిజంలో జింకు ఉన్న చోటే కాడ్మియమూ ఉంటుంది. ఎరువుగా అమ్మే జింక్ సల్ఫేట్‌లో 21 శాతం జింకు ఉండాలని చెప్పే మన ఎరువుల చట్టం సీసానికి కూడా హద్దు పెట్టింది అందుకే. తొయామా తర్వాత జపాన్ రైతులు నేర్చుకున్నది, వెన్ను తీసే ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడిలో నీరు నిలిపి ఉంచడం. నీటి కింద కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలోకి పోతుంది. అదే నీరు ఆర్సెనిక్‌ను మాత్రం కరిగిస్తుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ నీరు పెట్టే తడి పొడి పద్ధతిలో సాగు చేస్తే నీరు ఆదా అవుతుంది, ఆర్సెనిక్ తగ్గుతుంది, కాడ్మియం పెరిగే వీలుంటుంది. శుభ్రమైన నేలలో ఈ పెరుగుదల లెక్కలోకి రాదు కాబట్టి తడి పొడి పద్ధతిని వద్దనడానికి ఇది కారణం కాదు. ఏ నేలలో ఏముందో తెలిస్తేనే నీటి నిర్ణయం సరిగా పడుతుంది. రైసు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే ఊక బూడిదలో సిలికాన్ దండిగా ఉంటుంది. సిలికాన్ అందిన వరిలో ఆర్సెనిక్ తగ్గుతుంది, కాండం గట్టిపడి పైరు పడిపోకుండా నిలబడుతుంది.

కార్డులో లేని గడులు

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార కార్డులో 12 గడులు ఉంటాయి. పీహెచ్, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. కాడ్మియానికీ సీసానికీ గడి లేదు. మెట్ట పొలాలకూ డెల్టా లోపలి ఊళ్లకూ అది పెద్ద లోటు కాదు. మురుగు పారే చోటా, పాత బ్యాటరీలు విప్పే చోటా, బొగ్గు బూడిద ఎగిరిపడే చోటా, 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు ఒండ్రు మేట వేసిన చోటా ఆ రెండు గడులూ ఉండి తీరాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ చుట్టూ పొలాలకు వచ్చే బూడిదలో బోరాన్ ఉంటుంది, కొద్దిగా ఆర్సెనిక్, సీసం కూడా ఉంటాయి. అది మేలో కీడో పొలం పీహెచ్‌ను బట్టి, పడిన మోతాదును బట్టి మారుతుంది. పట్టణ కంపోస్టుకు ఎరువుల చట్టం కిలోకు కాడ్మియం 5 మిల్లీగ్రాములు, సీసం 100 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది. కంపోస్టు కొనేవాళ్లు ఆ పరీక్ష కాగితం అడగడం వాళ్ల హక్కు.

మట్టి నమూనా తీసేటప్పుడు చేసే చిన్న తప్పుతో ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. తుప్పు పట్టిన పలుగుతో గీరి తీస్తే ఆ ఇనుము పొలం ఖాతాలో పడుతుంది. జింకు పూత పూసిన బకెట్‌లో కలిపితే జింకు లోపం కనిపించకుండా పోతుంది. సూక్ష్మపోషకాల పరీక్షకు చెక్క పుల్లతోనో ప్లాస్టిక్ చిప్పతోనో తీయాలి. ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతున గుంట తీసి, గుంట గోడ వెంబడి అడుగు నుంచి పై దాకా ఒకే మందంతో మట్టి గీసుకోవాలి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల అలా తీసి, ప్లాస్టిక్ పట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారబోస్తూ అరకిలో మిగిలే దాకా తగ్గించాలి. గట్ల వెంబడి, చెట్ల కింద, పెంట కుప్పలు వేసిన చోట తీయకూడదు. మురుగు నీరు పారే మడి అయితే ఒక తేడా ఉంది. నీరు లోపలికి దిగే మడవ దగ్గర ఒక సంచీ, చివరి మడిలో ఇంకో సంచీ విడిగా తీసి, విడిగానే పేర్లు రాసి పంపాలి. నీటితో వచ్చిన లోహం ఒండ్రుతో పాటు మడవ దగ్గరే ముందు దిగుతుంది. రెండు సంచుల్లోని సంఖ్యలకు తేడా బాగా ఉంటే అది నీటితో వచ్చింది, రెండూ దగ్గర దగ్గరగా ఉంటే నేలలో మొదటి నుంచీ ఉన్నదో ఎరువులతో చేరిందో అయి ఉంటుంది.